తంతి నుంచి ఈమెయిలు దాకా: దిగువ కృష్ణా డెల్టాలో హెచ్చరిక వార్త ప్రయాణం

వ్యాససంగ్రహం: ఒక సమాచారవ్యవస్థను విడిచి మరొక వ్యవస్థకు మారడాన్ని సాధారణంగా వేగం, వ్యయం అనే రెండు కొలతలతో అంచనా వేస్తారు. ఆ కొలతలు సరిపోవని మచిలీపట్నం, గుడివాడ, దివిసీమల తుఫాను హెచ్చరికల చరిత్ర తెలియజేస్తుంది. పాత వ్యవస్థ తన యంత్రాలతో పాటు నాలుగు బాధ్యతలను మోస్తుంది. అవి చిరునామా, భాష, చేరవేత, రసీదు. కొత్త వ్యవస్థ ఈ నాలుగింటిని తన మీద వేసుకున్నప్పుడే మార్పు పూర్తయినట్లు. అంచె, తంతి, ఉపగ్రహ సైరన్, ఈమెయిలు, సెల్ ప్రసారం అనే దశలను ఈ నాలుగు బాధ్యతల వెలుగులో పరిశీలించడం ఈ వ్యాసం ఉద్దేశం.

కీలకపదాలు: తంతి, ఈమెయిలు, మచిలీపట్నం, గుడివాడ, దివిసీమ, తుఫాను హెచ్చరిక, దండోరా, చిరునామా.

1. ఉపోద్ఘాతం

2013 జులై 14 రాత్రితో భారతదేశంలో టెలిగ్రాం సేవ ముగిసింది. ఆనాటి పత్రికలు ఆ ఘట్టాన్ని ఒక జ్ఞాపకంగా చూశాయి. మరణవార్త మోసుకొచ్చే కాగితంగా, ఉద్యోగం వచ్చిందని చెప్పే కాగితంగా టెలిగ్రాం తెలుగువారి ఇళ్లలో నిలిచిపోయింది కనుక ఆ వీడ్కోలు సహజమే. అయితే తంతికి మరొక ఉపయోగం ఉండేది. తీరప్రాంతంలో తుఫాను హెచ్చరిక చాలాకాలం తంతి మీదనే ప్రయాణించింది. వాతావరణశాఖ తనవద్ద నమోదైన అధికారులకు, ఓడరేవులకు, రైల్వేకు అత్యవసర తంతివార్తలు పంపేది. వాటికి మామూలు టెలిగ్రాంల కంటే ముందు దారి ఇవ్వాలన్న నియమం ఉండేది. తంతి వెళ్లిపోయిన చోట ఫ్యాక్సు, ఈమెయిలు, మొబైలు సందేశం వచ్చి నిలిచాయి.

ఈ మార్పును ప్రగతి అని ఒక్క మాటలో చెప్పడం తేలిక. తంతికి గంటలు పట్టిన చోట ఈమెయిలుకు క్షణాలు చాలు. కాని హెచ్చరిక విషయంలో అసలు ప్రశ్న వార్త ఎంత వేగంగా బయలుదేరింది అన్నది కాదు. చివరి ఇంటికి, అర్థమయ్యే భాషలో, సమయానికి చేరిందా, చేరినట్లు పంపినవారికి తెలిసిందా అన్నదే ప్రశ్న. ఆ ప్రశ్నను దిగువ కృష్ణా డెల్టా కంటే తీవ్రంగా ఎదుర్కొన్న ప్రాంతాలు ఆంధ్రతీరంలో తక్కువ.

2. కేంద్రం, కూడలి, అంచు

వార్తాప్రసారం దృష్టితో చూస్తే ఈ మూడు ప్రాంతాలవి మూడు స్థానాలు. మచిలీపట్నం కేంద్రం. 1859లో ఏర్పడిన కృష్ణా జిల్లాకు ముఖ్యపట్టణంగా కలెక్టరు కచేరీ అక్కడే ఉంది. ఓడరేవు, వాతావరణ పరిశీలనా కేంద్రం కూడ అక్కడివే. పై నుంచి వచ్చే వార్త జిల్లాలో మొదట దిగేది బందరులోనే.

గుడివాడ కూడలి. బెజవాడ నుంచి బందరుకు 1908లో రైలుమార్గం ఏర్పడినప్పుడు గుడివాడ దారిలోని ఊరు. 1928లో భీమవరం వైపు మార్గం తెరుచుకోవడంతో అది జంక్షన్ అయింది. రైలుపట్టాల పక్కనే తంతితీగ నడిచిన కాలంలో జంక్షన్ అంటే ప్రయాణికులు బండి మారే చోటు మాత్రమే కాదు, వార్త దారి మారే చోటు కూడ.

దివిసీమ అంచు. పులిగడ్డ దగ్గర కృష్ణానది రెండు పాయలుగా చీలి సముద్రం దాకా సాగుతుంది. ఆ పాయల నడుమ ఉన్న భూభాగమే దివిసీమ. అక్కడికి రైలు వెళ్లలేదు. నాగాయలంక దిగువన ఉన్న ఎదురుమొండి వంటి లంకలకు మనిషైనా సరుకైనా పంటు మీద పాయ దాటి వెళ్లడమే చాలాకాలం సాగిన పద్ధతి. సముద్రానికి అందరికన్నా దగ్గరగా, వార్తకు అందరికన్నా దూరంగా ఉన్న ప్రాంతం ఇది. కేంద్రంలో వార్తాసాధనం మారినప్పుడల్లా ఆ మార్పు అంచుకు ఎప్పుడు చేరింది, ఏ రూపంలో చేరింది అన్న అంశాన్ని విడిగా పరిశీలించవలసిన అవసరం అందువల్లనే కలుగుతున్నది.

3. అంచె, తపాలా, తంతి

మచిలీపట్నానికి దూరదేశాలతో ఉత్తరప్రత్యుత్తరాలు కొత్త కాదు. 17వ శతాబ్దం తొలి దశాబ్దంలో డచ్చివారు, 1611లో ఆంగ్లేయులు ఇక్కడ వర్తకస్థావరాలు ఏర్పరచుకున్నారు. ఓడల మీద వెళ్లే లేఖలకు నెలలు పట్టేది. నేల మీద వార్త మనిషి కాళ్ల మీద నడిచింది. ఒకరు కొంతదూరం పరుగెత్తి తరవాతివారికి అందించే పద్ధతి పేరే అంచె. ఈ మాట నేటికీ ‘అంచెలంచెలుగా’ అన్న ప్రయోగంలో బతికి ఉంది. అంచె పద్ధతిలో వార్తకు, దానిని మోసే మనిషికి మధ్య ఎడం లేదు. వార్త చేరిందంటే మనిషి చేరినట్లే.

1854 నాటి తపాలా చట్టం దూరంతో నిమిత్తం లేకుండా బరువును బట్టి రుసుము నిర్ణయించింది. అర్ధణా బిళ్లతో ఉత్తరం దేశంలో ఏ మూలకైనా వెళ్లగలిగింది. దీనితో చిరునామా అన్న భావనకు కొత్త ప్రాముఖ్యం వచ్చింది. మోసే మనిషికి గ్రహీత ముఖపరిచయం ఉండనక్కరలేదు. పేరు, ఊరు, తాలూకా రాసి ఉంటే చాలు.

దాదాపు అదే సమయంలో విద్యుత్ తంతి ప్రవేశించింది. 1839లో కలకత్తా వద్ద విలియం ఓషాగ్నెసీ చేసిన ప్రయోగాలతో మొదలై, 1851 నాటికి డైమండ్ హార్బరు దాకా తీగ వేయడంతో నిలదొక్కుకొని, 1855 నాటికి సామాన్య ప్రజలకు అందుబాటులోకి వచ్చింది. వార్త మనిషిని విడిచి ముందుకు వెళ్లింది. కాని తీగ ఆఫీసు దాకానే వెళ్లేది. ఆఫీసు నుంచి ఇంటికి మళ్లీ మనిషే నడవాలి. తంతి బంట్రోతు గ్రహీత ఇంటికి వచ్చి, కాగితం ఇచ్చి, అందినట్లు సంతకం తీసుకునేవాడు. అంటే తంతి పాత అంచెను పూర్తిగా తొలగించలేదు. దాని చివరి అంచెను తనలో కలుపుకొంది. తంతి వ్యవస్థ బలం తీగలో ఎంత ఉందో ఈ చివరి నడకలోనూ అంతే ఉంది.

4. 1864: సాధనం ఉండి సందేశం లేని కాలం

1864 అక్టోబరు 5న కలకత్తాను పెనుతుఫాను ముంచెత్తింది. ఇరవైయేడు రోజుల తరవాత, నవంబరు 1 రాత్రి, మచిలీపట్నం మీద ఉప్పెన విరుచుకుపడింది. బందరు, దాని చుట్టుపక్కల గ్రామాలలో మృతుల సంఖ్య సుమారు 30,000 అని అంచనా. ఆ దెబ్బ నుంచి ఓడరేవుగా బందరు తేరుకోలేదు. అక్కడి సైనికస్థావరాన్ని కూడ తరవాత ఎత్తివేశారు.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. అప్పటికి తంతి దేశంలో ప్రజోపయోగంలోకి వచ్చి తొమ్మిదేళ్లయింది. వేగవంతమైన సాధనం ఉంది. అయినా హెచ్చరిక లేదు. తుఫాను వస్తున్నదని గుర్తించి, ఎవరికి చెప్పాలో నిర్ణయించి, చెప్పడాన్ని తన విధిగా భావించే సంస్థ లేదు. సాధనం ఉన్నంత మాత్రాన వార్త పుట్టదు. వార్త పంపడం ఎవరి బాధ్యత అన్నది తేలినప్పుడే సాధనం పనికివస్తుంది.

ఆ బాధ్యత మొదట కలకత్తాలో రూపుదిద్దుకుంది. 1865లో ఆ రేవుకు తుఫాను హెచ్చరికల ఏర్పాటు జరిగింది. 1875లో భారత వాతావరణశాఖ ఏర్పడింది. హెన్రీ బ్లాన్‌ఫోర్డ్ దాని తొలి అధిపతి. 1886 నాటికి హెచ్చరికల ఏర్పాటు దేశంలోని ఇతర ఓడరేవులకూ విస్తరించింది. పరిశీలనా కేంద్రాల నుంచి లెక్కలు తంతి మీద వెళ్లడం, హెచ్చరిక తంతి మీదనే తిరిగి రావడం అనే క్రమం అప్పటి నుంచి స్థిరపడింది.

5. ఓడలకు చెప్పిన మాట

ఈ ఏర్పాటులో హెచ్చరిక ఎవరికి ఉద్దేశించినది? ఓడలకు. రేవులో స్తంభం మీద పగలు గుర్తులు, రాత్రి దీపాలు ఎత్తి సముద్రం మీద ఉన్న నావికులకు ప్రమాదం తెలిపేవారు. ప్రతి గుర్తుకు ఒక సంఖ్య ఉండేది. ‘మచిలీపట్నం ఓడరేవులో మూడో నంబరు ప్రమాద హెచ్చరిక’ అని తెలుగు పత్రికలు నేటికీ రాసే వాక్యం ఆ పద్ధతి నుంచి వచ్చినదే. ఒక సంఖ్య అంటే ఏమిటో రేవు అధికారికి, ఓడ సరంగుకు తెలుసు. కోడూరు దగ్గర చేను కోసుకునే కూలీకి, నాగాయలంక పాయలో వల వేసే జాలరికి ఆ సంఖ్య ఏం చెప్పగలదు?

వ్యవస్థ మొదటి చిరునామా ఏదైతే దాని భాష కూడ అందుకు తగినట్లే ఉంటుంది. ఓడరేవు చిరునామాగా మొదలైన హెచ్చరికవ్యవస్థ తరవాతి కాలంలో కలెక్టరును, రెవెన్యూ అధికారులను, రైల్వేను తన జాబితాలో చేర్చుకుంది. గ్రామం ఆ జాబితాలో నేరుగా లేదు. గ్రామానికి వార్త చేర్చడం రెవెన్యూ యంత్రాంగం వంతు. కలెక్టరు నుంచి తహశీల్దారుకు, తహశీల్దారు నుంచి కరణం మునసబులకు, వారి నుంచి తలారికి, వెట్టివానికి, అక్కడి నుంచి దండోరాగా వీధులకు వార్త వెళ్లాలి. తంతి చివర ఉన్న బంట్రోతు పని ఇక్కడ దండోరా వేసేవానిది. తేడా ఏమిటంటే, బంట్రోతు సంతకం తెచ్చేవాడు. దండోరాకు రసీదు లేదు.

6. 1977: దారి మధ్యలో ఆగిన మాట

1977 నవంబరు 14 ప్రాంతంలో బంగాళాఖాతంలో పుట్టిన వాయుగుండం పెనుతుఫానుగా మారి, తీరం వైపు వస్తూ చివరి దశలో ఉత్తరంగా మళ్లి, 19వ తేదీ శనివారం తీరం దాటింది. దివిసీమ మీద ఉప్పెన సుమారు అయిదు మీటర్ల ఎత్తున లేచి, లోపలికి పన్నెండు కిలోమీటర్లకు పైగా చొచ్చుకువచ్చింది. అధికారిక లెక్కల ప్రకారమే దాదాపు 10,000 మంది చనిపోయారు. ఇతర అంచనాలు అంతకన్నా ఎక్కువ. సొర్లగొంది, హంసలదీవి, పాలకాయతిప్ప వంటి గ్రామాల పేర్లు ఆ ఉప్పెనతోనే రాష్ట్రమంతటికీ పరిచయమయ్యాయి.

1864కు, 1977కు మౌలికమైన భేదం ఉంది. 1977లో హెచ్చరిక ఉంది. వాతావరణశాఖ ప్రకటనలు వెలువడ్డాయి, ఆకాశవాణి వినిపించింది, తంతివార్తలు వెళ్లాయి. కేంద్రం తన పని తాను చేసింది. కాని వార్త అంచుకు వెళ్లే దారిలో ప్రతి మజిలీలోను సన్నబడింది. రేడియో ఉన్న ఇళ్లు తక్కువ. గాలి పెరిగేకొద్దీ తీగలు తెగాయి, స్తంభాలు కూలాయి. పాయలు దాటి లంకలకు మనిషి వెళ్లే వీలు పోయింది. వార్త విన్నవారికైనా వెళ్లి తలదాచుకునే ఎత్తయిన పక్కా కట్టడం ఎక్కడ? పెనుగాలి అన్న మాటలో అయిదు మీటర్ల నీరు ఉందని ఊహించడం ఎవరికి సాధ్యం?

వార్త లోపలికి వెళ్లలేకపోయినట్లే బయటికీ రాలేకపోయింది. దివిసీమలో జరిగిన దారుణం పూర్తిగా తెలియడానికి రోజులు పట్టింది. రసీదు లేని వ్యవస్థ లక్షణం ఇదే. పంపినవారికి పంపామన్న తృప్తి మిగులుతుంది. అందలేదన్న సంగతి శవాలను లెక్కపెట్టేటప్పుడు గాని తెలియదు. ఈ కారణం వల్ల 1977ను హెచ్చరిక వైఫల్యం అనడం కంటే చేరవేత వైఫల్యం అనడం సమంజసం.

7. మునసబు స్థానంలో సైరన్

1977 తరవాతి పుష్కరకాలంలో రెండు మార్పులు దాదాపు ఒకేసారి జరిగాయి. వాటిని కలిపి పరిశీలించడం అవసరం.

మొదటిది పరిపాలనకు సంబంధించినది. 1984లో నందమూరి తారక రామారావు ప్రభుత్వం కరణం, మునసబు వంటి వంశపారంపర్య గ్రామోద్యోగాలను రద్దు చేసింది. 1985లో తాలూకాల స్థానంలో మండలాలు వచ్చాయి. దివి తాలూకా అవనిగడ్డ, నాగాయలంక, కోడూరు, మోపిదేవి తదితర మండలాలుగా మారింది. వంశపారంపర్య అధికారం గ్రామాలలో పెంచిన పెత్తనం దృష్ట్యా ఆ రద్దుకు బలమైన కారణాలున్నాయి. అయితే హెచ్చరికను గ్రామానికి చేర్చే పాత గొలుసులో కరణం, మునసబు ముఖ్యమైన కడియాలు. కింది సేవకులు వేరే పేర్లతో కొనసాగినా వారికి ఆజ్ఞ ఇచ్చే స్థానం మారిపోయింది. తంతి చిరునామాలో ఉన్న ‘తహశీల్దారు, దివి తాలూకా’ అన్న పదవే లేకుండా పోయింది.

రెండవది సాంకేతికమైనది. 1983లో ఇన్‌శాట్-1బి ఉపగ్రహం కక్ష్యలోకి వెళ్లాక, ఆ దశాబ్దం మధ్యభాగంలో ఆంధ్ర, తమిళనాడు తీరాలలో ఉపగ్రహ హెచ్చరిక గ్రాహకాలను నెలకొల్పారు. మద్రాసులోని తుఫాను హెచ్చరిక కేంద్రం నుంచి కావలసిన ప్రాంతం సంకేతాన్ని మాత్రమే ఎంచి పంపితే, అక్కడి పెట్టెలో సైరన్ మోగి, ఆ వెంటనే ప్రాంతీయభాషలో మాట వినిపించేది. తీగ తెగుతుందన్న భయం లేదు. సంఖ్య లేదు, ఆంగ్లం లేదు. తెలుగులో మనిషి గొంతు ఉంది. ప్రభుత్వ కార్యాలయంలో ఒక పెట్టె మోగడం వీధిలో డప్పు మోగడంతో సమానం కాకపోయినా, చిరునామా, భాష అనే రెండు బాధ్యతలను ఈ వ్యవస్థ తంతి కంటే మెరుగ్గా నెరవేర్చింది.

1990 మే 9న కృష్ణా ముఖద్వారానికి సమీపంలో మరొక పెనుతుఫాను తీరం దాటింది. తీవ్రతలో అది 1977తో పోల్చదగినది. రాష్ట్రంలో మృతుల సంఖ్య 967. లక్షలాది మందిని ముందుగానే తరలించారు. ప్రాణనష్టంలో ఇంత తేడాకు సైరన్ ఒక్కటే కారణం కాదు. 1977 తరవాత కట్టిన తుఫాను రక్షణ భవనాలు, మెరుగుపడిన రోడ్లు, పోలీసు వైర్‌లెస్, అన్నిటికన్నా మించి ఉప్పెన జ్ఞాపకం, అన్నీ కలిసి పనిచేశాయి. మారిన సాధనం పక్కన మనిషి, వాహనం, కట్టడం నిలబడ్డాయి. పాత సాధనాలను ఆపివేసి కొత్తదానిని నమ్ముకోవడం కాక, కొత్తదానిని పాతవాటి మీద కప్పడం 1990 నాటి విశేషం. తంతి, రేడియో, వైర్‌లెస్, ఉపగ్రహం, దండోరా అన్నీ ఒకే సమయంలో పనిచేశాయి.

8. లిపి సమస్య

తంతివార్త ఈ ప్రాంతంలో ప్రధానంగా ఆంగ్లలిపిలో నడిచింది. పల్లెలో టెలిగ్రాం వస్తే చదివిపెట్టే మనిషి కోసం వెతకడం తెలుగు కథలకు, సినిమాలకు సుపరిచితమైన ఘట్టం. ఈమెయిలు కూడ తన తొలి దశలో అదే పరిమితితో వచ్చింది. దేశంలో 1995 ఆగస్టు 15న ప్రజలకు ఇంటర్నెట్ సేవ మొదలైనప్పుడు తెలుగు అక్షరాన్ని అవతలివారికి చెడకుండా పంపే సర్వామోదమైన మార్గం వాడుకలోకి రాలేదు. ప్రవాసాంధ్రులు అంతకు ముందే ఈ చిక్కును ఎదుర్కొని, అమెరికాలోని రైస్ విశ్వవిద్యాలయంలో రూపొందిన లిప్యంతరీకరణ పద్ధతిని ఆశ్రయించి ఆంగ్లాక్షరాలతో తెలుగు రాసుకున్నారు. యూనికోడ్ తొలి కూర్పులోనే, 1991లో, తెలుగుకు స్థానం దొరికినా, అది సామాన్యుని తెర మీద కనిపించడానికి మరొక దశాబ్దానికి పైగా పట్టింది.

ఈ విషయం హెచ్చరికకు దూరమైనది కాదు. ఒక మొబైలు సందేశంలో ఆంగ్లాక్షరాలు 160 పడితే తెలుగు సంకేతాలు 70 మాత్రమే పడతాయి. గుణింతపు గుర్తు, పొల్లు కూడ విడి సంకేతాలుగానే లెక్కకు వస్తాయి కనుక ఆ 70లో ఇమిడే తెలుగు మాటలు పది పన్నెండుకు మించవు. ఊరి పేరు, సమయం, చేయవలసిన పని అందులోనే చెప్పాలి. తంతి కాలంలో మాటకు ఇంత అని రుసుము ఉండడం వల్ల భాష పొదుపైంది. ఇప్పుడు సంకేతాల పరిమితి అదే పని చేస్తున్నది. ఉపగ్రహ సైరన్ సాధించిన తెలుగు గొంతు తరవాతి సాధనానికి అప్రయత్నంగా సంక్రమించలేదు. దానిని మళ్లీ సంపాదించుకోవలసి వచ్చింది.

9. ఈమెయిలు దశ: యంత్రం మారడం, చిరునామా మారడం

1976లో ఏర్పడిన జాతీయ సమాచార విజ్ఞాన కేంద్రం 1980ల చివరికి ఉపగ్రహ సంబంధంతో జిల్లా కేంద్రాలను కలిపింది. మచిలీపట్నం వంటి జిల్లా కేంద్రాలకు కంప్యూటరు ద్వారా అధికారిక సమాచారం అందే మార్గం అలా ఏర్పడింది. తరవాతి కాలంలో వాతావరణశాఖ ప్రకటనలు ఫ్యాక్సుతో పాటు ఈమెయిలు ద్వారా వెళ్లడం వాడుక అయింది. 2004 డిసెంబరు 26 నాటి సునామీకి ముందుగా చెప్పే వ్యవస్థే లేక, ఆంధ్రతీరంలో వందమందికి పైగా ప్రాణాలు కోల్పోయారు. బందరు సమీపంలోని మంగినపూడి తీరానికి ఆ పౌర్ణమి ఆదివారం ఒక విషాదస్మృతిగా మిగిలింది. 2007లో హైదరాబాదులో ఏర్పడిన సునామీ హెచ్చరిక కేంద్రం తన ప్రకటనలను మొదటి నుంచీ ఈమెయిలు, ఫ్యాక్సు, మొబైలు సందేశం అనే మూడు దారులలో పంపే విధంగా రూపొందింది. 1864లో కనిపించిన లోటు, అంటే చెప్పవలసిన సంస్థ లేకపోవడం, సునామీ విషయంలో 2004 దాకా కొనసాగిందన్న మాట.

అధికారిక ఈమెయిలులో కూడ ఒక వ్యవస్థ నుంచి మరొక వ్యవస్థకు మారిన సందర్భాలున్నాయి. 2015లో కేంద్రప్రభుత్వం ఈమెయిలు విధానాన్ని ప్రకటించి, ఉద్యోగులు అధికారిక వ్యవహారాలకు ప్రభుత్వ సేవనే వాడాలని నిర్దేశించింది. 2023లో ఆ సేవ నిర్వహణ బాధ్యత జోహో సంస్థకు దక్కింది. సుమారు 12 లక్షల మంది కేంద్ర ఉద్యోగుల ఖాతాలు ఆ వేదికకు మారినట్లు 2025లో వెల్లడైంది. ఇంత పెద్ద మార్పులోనూ చిరునామాల చివర ఉండే ప్రభుత్వ గుర్తింపు మారలేదు. ఉత్తరం రాసేవారికి పెట్టె మారిన సంగతి తెలియనవసరం లేదు. అడుగున యంత్రం మారింది, పైన చిరునామా నిలిచింది.

దీనికి విరుద్ధమైన ఉదాహరణ దిగువ కృష్ణా డెల్టాలోనే ఉంది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో కొత్త జిల్లాలు ఏర్పడ్డాయి. విజయవాడ ఎన్టీఆర్ జిల్లాకు, కైకలూరు ప్రాంతం ఏలూరు జిల్లాకు వెళ్లాయి. మచిలీపట్నం, గుడివాడ, దివిసీమలు కృష్ణా జిల్లాలో మిగిలాయి. ఇక్కడ యంత్రం మారలేదు, చిరునామాలు మారాయి. గుడివాడకు పొరుగున ఉన్న ఊరు మరొక కలెక్టరు పరిధిలోకి వెళ్లింది. తాలూకాలు మండలాలైన 1985 నాటి స్థితి ఇది.

ఈ రెండింటిలో ఏది జాగ్రత్తగా చూసుకోవలసిన మార్పు? సాంకేతిక దృష్టికి మొదటిది పెద్దది. హెచ్చరిక దృష్టికి రెండవది పెద్దది. యంత్రం ఆగితే లోపం అందరికీ ఒకేసారి కనిపిస్తుంది. పాతబడిన చిరునామాకు వెళ్లిన ఉత్తరం నిశ్శబ్దంగా వెళ్లిపోతుంది. అది తిరిగి రాకపోవడాన్ని అందినట్లు భావించడం జరుగుతుంది. తంతికి బంట్రోతు తెచ్చిన సంతకం ఉండేది. ఈమెయిలు ఒక పెట్టెకు చేరినట్లు యంత్రం చెప్పగలదు గాని, ఆ పెట్టెను ఆ రాత్రి ఒక మనిషి తెరిచినట్లు దానంతట అది చెప్పలేదు.

10. దండోరాకు దగ్గరగా

తంతి ఆగిన పదిహేను నెలలకు, 2014 అక్టోబరు 12న, ఉత్తరాంధ్రలో ఒక పరీక్ష ఎదురైంది. హుద్‌హుద్ తుఫాను విశాఖపట్నాన్ని తాకినప్పుడు విద్యుత్తు, మొబైలు స్తంభాలు కుప్పకూలి, ఒక మహానగరం వార్తకు దూరమైంది. ముందుజాగ్రత్త హెచ్చరికలు సకాలంలో చేరాయి. తుఫాను తరవాతి వార్తలు మాత్రం ఆగిపోయాయి. ఔత్సాహిక రేడియో నిర్వాహకుల సేవలు అప్పుడు అక్కరకు వచ్చాయి. 1977లో దివిసీమ అనుభవించిన మౌనాన్నే, వేరే స్థాయిలో, ఒక నగరం అనుభవించింది. నవీనసాధనం సమస్తం విద్యుత్తు మీద ఆధారపడి ఉన్నప్పుడు తుఫాను ఆ ఆధారాన్నే మొదట తీసివేస్తుందన్నది హుద్‌హుద్ నేర్పిన పాఠం.

2023లో దేశవ్యాప్తంగా సెల్ ప్రసార పద్ధతిలో హెచ్చరికలను పరీక్షించారు. ఫోన్లు ఒక్కసారిగా ప్రత్యేకమైన ధ్వనితో మోగినది అప్పుడే. ఈ పద్ధతి ఫలానా నంబరుకు సందేశం పంపదు. ఫలానా స్తంభం పరిధిలో ఉన్న ఫోన్లన్నిటికీ పంపుతుంది. పేరుతో గాని, పదవితో గాని దీనికి నిమిత్తం లేదు. ఆ క్షణంలో ఆ చోట ఉండడమే చిరునామా. ఈ లక్షణంలో ఇది ఉత్తరానికి, తంతికి, ఈమెయిలుకు భిన్నమైనది. దండోరాకు దగ్గరైనది. వీధిలో డప్పు వాయించేవాడు ఇంటివారి పేర్లు అడగడు. వినబడినంత మేరా అతని చిరునామాయే. జిల్లా మారినా, మండలం మారినా, అధికారి బదిలీ అయినా ఈ చిరునామా పాతబడదు. అయితే దండోరాకు రసీదు లేనట్లే దీనికీ లేదు. చేతిలో ఫోన్ లేని వృద్ధురాలికి, సముద్రం మీద స్తంభానికి అందనంత దూరంలో ఉన్న జాలరికి ఇది చేరదు.

11. ముగింపు

పై పరిశీలన వల్ల తేలిన అంశాలు ఇవి:

1. సమాచారవ్యవస్థ మార్పులో వేగం నిర్ణాయకం కాదు. 1864లో తంతి ఉంది, హెచ్చరిక లేదు. 1977లో హెచ్చరిక ఉంది, చేరవేత లేదు. 1990లో రెండూ ఉన్నాయి.

2. ప్రతి వ్యవస్థ తన మొదటి గ్రహీతను దృష్టిలో ఉంచుకొని పుడుతుంది. ఓడల కోసం పుట్టిన హెచ్చరిక గ్రామం భాష నేర్చుకోవడానికి సుమారు ఒక శతాబ్దం పట్టింది.

3. భాష ఒక సాధనం నుంచి మరొక సాధనానికి తనంత తానుగా బదిలీ కాదు. ప్రతి మార్పులో తెలుగుకు స్థానం కొత్తగా ఏర్పరచవలసి వచ్చింది.

4. యంత్రం మారి చిరునామా నిలిచిన మార్పు కంటే, యంత్రం నిలిచి చిరునామా మారిన మార్పు హెచ్చరికకు ఎక్కువ ప్రమాదకరం. పరిపాలనా విభాగాల పునర్వ్యవస్థీకరణను సమాచారవ్యవస్థ మార్పుగా కూడ పరిగణించాలి.

5. పాత వ్యవస్థలోని మనిషి చేసిన రెండు పనులు, గడప దాకా నడవడం, అందినట్లు రుజువు తేవడం, కొత్త వ్యవస్థలో ఎవరికి అప్పగించారన్నది స్పష్టంగా నిర్ణయం కావాలి.

2019లో ఏర్పడిన గ్రామ సచివాలయం ఈ అయిదవ అంశానికి అనువైన స్థానం. తంతి బంట్రోతు తెచ్చిన సంతకానికి సమానమైనది ఏదో ఒకటి ఎదురుమొండి నుంచి, సొర్లగొంది నుంచి బందరు కలెక్టరేటుకు తిరిగి చేరే ఏర్పాటు ఉన్నప్పుడే, తంతి నుంచి ఈమెయిలుకు జరిగిన మార్పు దిగువ కృష్ణా డెల్టాలో పూర్తయినట్లు భావించవచ్చు.